తిననని మొండికేసే పిల్లలకు అన్నం పెట్టడం ఎలా?

ఏడాది నిండేదాకా పెట్టిందల్లా తిన్న బిడ్డ, నడక వచ్చిన దగ్గర నుంచి ముద్ద కనబడగానే మొహం తిప్పుకోవడం, పెదవులు బిగబట్టడం, నోట్లో పెట్టినదాన్ని బుగ్గన పెట్టుకుని ఎంతసేపటికీ మింగకపోవడం చాలా ఇళ్ళలో జరిగేదే. అక్కడి నుంచి ఒకరు గిన్నె పట్టుకుని పిల్లవాడి వెనకాల తిరుగుతారు, ఇంకొకరు ఫోనులో బొమ్మలు పెడతారు, మూడోవారు ‘పోనీలే, పాలైనా పట్టండి’ అంటారు. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో ఈ పరిస్థితిని ఎలా చక్కదిద్దుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. హుషారుగా ఆడుకుంటూ, తిండి దగ్గర మాత్రమే పేచీ పెట్టే పిల్లల కోసం చెబుతున్న మాటలివి. జబ్బు వల్ల తినలేని పిల్లల సంగతి చివర్లో ఉంది.

అన్నిటికంటే ముందు పెద్దలు మనసులో స్థిరపరచుకోవలసిన సూత్రం ఒకటుంది. ఏం వండాలి, ఏ వేళకు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి అనేవి పెద్దలు నిర్ణయించాలి. పెట్టినదాంట్లో ఎంత తినాలి, ఒక్కోపూట అసలు తినాలా వద్దా అనేది బిడ్డకు వదిలిపెట్టాలి. మన ఇళ్ళలో ఈ రెండూ సరిగ్గా తారుమారై ఉంటాయి: ఏం కావాలో, ఎప్పుడు కావాలో పిల్లవాడు చెబుతాడు, ఎన్ని ముద్దలు తినాలో పెద్దవాళ్ళు లెక్కపెడతారు. కింద చెప్పబోయే పనులన్నీ ఈ తారుమారును సరిచేయడానికే. వాటిలో ఏ ఒక్కటీ కష్టమైన పని కాదు గాని, ఇంట్లో ఉన్న నలుగురూ ఒకే మాట మీద ఉండకపోతే ఏ ఒక్కటీ సాగదు.

ఆకలి ఎందుకు తగ్గుతుంది

మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ ఐదో నెలకు సుమారు ఆరు కిలోలు, ఏడాదికి సుమారు తొమ్మిది కిలోలు తూగుతుంది. అదే బిడ్డ రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఆ తర్వాత ఐదేళ్ళు వచ్చేదాకా ఏడాదికి రెండు కిలోల చొప్పున పెరుగుతుంది. పెరిగే వేగం ఇంతగా తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గడం సహజం. ‘పది నెలలప్పుడు ఇంతకంటే ఎక్కువ తినేది’ అని తల్లులు అనేమాట చాలావరకు నిజమే, కానీ అది జబ్బు కాదు. అదీగాక ఈ వయసులో ఆకలి పూటపూటకూ మారుతుంది. పొద్దున రెండు ఇడ్లీలు తిన్న పిల్ల మధ్యాహ్నం నాలుగు మెతుకులు కతికి లేచిపోవచ్చు, మర్నాడు అడిగి మరీ తినవచ్చు. అందువల్ల ఒక పూటను చూసి గాభరా పడకుండా వారం మొత్తం మీద ఎంత తిన్నదో చూసుకోవాలి.

బిడ్డ చాలినంత తింటున్నదా లేదా అన్నది తేల్చేది ముద్దల లెక్క కాదు, తూకం. మూడేళ్ళ లోపు పిల్లలను నెలకొకసారి అంగన్‌వాడీ కేంద్రంలో తూయించి, తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఉండే పెరుగుదల చార్టులో చుక్క పెట్టించండి. మగపిల్లలకు నీలం రంగు చార్టు, ఆడపిల్లలకు గులాబీ రంగు చార్టు వేర్వేరుగా ఉంటాయి. ఒకదాని బదులు మరొకదానిలో గుర్తించకుండా చూసుకోవాలి. చుక్కలను కలిపే గీత పైకి సాగుతున్నంత కాలం, చార్టులోని వంపును అనుసరిస్తున్నంత కాలం, బిడ్డ సన్నగా కనిపించినా బెంగ అక్కరలేదు. సన్నటి తల్లిదండ్రులకు సన్నటి పిల్లలే పుడతారన్న సంగతి చుట్టాలు మరిచిపోతుంటారు. దిష్టి తీయడం మీ ఇంటి అలవాటైతే తీయండి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పారేయడం వల్ల నష్టమేమీ లేదు. ఆ పొగ మాత్రం బిడ్డకు తగలనివ్వకండి, తూకం వేయించడం మానకండి.

ముందుగా పాల లెక్క చూసుకోండి

అన్నం తినని పిల్లవాడి గురించి ఎవరు చెప్పినా మొదట అడగవలసిన ప్రశ్న ‘రోజుకు పాలెన్ని తాగుతాడు?’ అన్నదే. ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకు రోజుకు కావలసింది సుమారు వెయ్యి, పదకొండు వందల కిలోకాలరీలు. చిక్కటి గేదె పాలు లీటరు తాగితే దాదాపు వెయ్యి కిలోకాలరీలు వచ్చేస్తాయి. పొద్దున లేవగానే ఒక సీసా, నిద్రకు ముందు ఒకటి, అన్నం తినలేదని జాలిపడి మరొకటి, అర్ధరాత్రి ఏడిస్తే ఇంకొకటి పట్టే ఇంట్లో ఆ బిడ్డకు అన్నం తినవలసిన అవసరమే మిగలదు. ‘ఏమీ తినడు, పాల మీదే బతుకుతున్నాడు’ అనే మాటలో కారణం, ఫలితం రెండూ ఉన్నాయి, కాకపోతే మనం వాటిని తిరగేసి చదువుకుంటాం.

ఇందులో ఆకలి చావడం ఒక్కటే నష్టం కాదు. పాలలో ఇనుము దాదాపు లేదు. పైగా పాలలోని కాల్షియం మిగతా ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా కొంత అడ్డుపడుతుంది. పాల మీదే పెరిగే పిల్లలకు రక్తం తక్కువవుతుంది, రక్తం తక్కువైతే ఆకలి మరింత మందగిస్తుంది, మలబద్ధకం కూడా తోడైతే కడుపు ఎప్పుడూ నిండినట్లే ఉంటుంది. ఏడాది దాటిన పిల్లలకు పాలు రోజుకు అరలీటరు మించకుండా, వీలైతే 400 మిల్లీలీటర్ల లోపు ఉంచడం మంచిది. ఆ పాలనైనా సీసాతో కాకుండా గ్లాసుతో తాగించాలి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు ముందుపళ్ళు పుచ్చిపోవడం ఏ దంతవైద్యుణ్ణి అడిగినా చెబుతారు.

అలవాటైన సీసాను ఒక్కరోజులో మాన్పించడం కంటే వారం, పది రోజుల్లో క్రమంగా తగ్గించడం తేలిక. మొదట అన్నం తిననందుకు బదులుగా ఇచ్చే సీసా మానాలి, ఎందుకంటే బిడ్డకు అది ‘తినకపోయినా పాలొస్తాయి’ అన్న పాఠం నేర్పుతుంది. తర్వాత పగటి సీసాను గ్లాసుకు మార్చాలి, చివరగా రాత్రిదాన్ని తగ్గించుకుంటూ రావాలి. తల్లిపాలు ఇంకా తాగుతున్న బిడ్డలైతే రెండేళ్ళ దాకా, ఆపైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. భోజనానికి ముందు కాకుండా తర్వాత ఇస్తే చాలు. పాలు తగ్గితే ఎముకలకు కాల్షియం ఎలా అని అడిగేవారు ఉంటారు. పెరుగన్నం, రాగి జావ, నువ్వుల పొడి మన వంటింట్లో ఉన్నవే. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అదే వంద మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు.

వేళలు

చిన్న కడుపు ఒకేసారి ఎక్కువ పట్టదు గనుక రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు చిరుతిండ్లు సరిపోతాయి. పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య టిఫిను, పదిన్నరకు ఒక పండు, పన్నెండున్నరకు అన్నం, నాలుగింటికి చిరుతిండి, ఏడింటికి మళ్ళీ భోజనం అన్న క్రమం చాలా ఇళ్ళకు నప్పుతుంది. మీ ఇంటి వేళలు వేరైతే మార్చుకోండి, కానీ రెండు తిండ్ల మధ్య రెండు, మూడు గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ లేకుండా చూడండి. చేతిలో బిస్కట్టు, బఠాణీల పొట్లం, దుకాణంలో కొన్న ఐదు రూపాయల ప్యాకెట్టు, చుట్టాలు తెచ్చిన చాక్లెట్టు, తాతగారి టీలో ముంచిన రస్కు, ఇవేవీ మనం తిండిగా లెక్కవేయం. బిడ్డ కడుపు మాత్రం లెక్కవేస్తుంది. మామూలు గ్లూకోజ్ బిస్కట్లు నాలుగు తింటే వంద కిలోకాలరీల వరకు వస్తాయి, ఒక చిన్న గిన్నెడు పప్పన్నం తినవలసిన ఆకలి వాటితోనే తీరిపోతుంది. టీ అసలే వద్దు. అందులోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు, తండ్రి ఆఫీసు నుంచి వచ్చాక, అందరితో కలిపి పెట్టాలనుకోవడం మంచి ఆలోచనే గాని చిన్నపిల్లల విషయంలో అది కుదరదు. ఆ వేళకు బిడ్డకు ఉండేది నిద్ర, ఆకలి కాదు. నిద్రమత్తులో ఏడుస్తున్న పిల్లకు బలవంతంగా అన్నం పెట్టడం వల్లనే రాత్రి పూట పేచీలు ఎక్కువగా వస్తాయి. ఏడింటికి పెట్టేసి, అందరూ కలిసి తినే పూటగా మధ్యాహ్నాన్నో, ఆదివారం టిఫినునో ఎంచుకోండి.

ఏం పెట్టాలి, ఎలా కలపాలి

పిల్లలకని వేరే వంట అక్కరలేదు, మీరు తినేదాన్నే కారం వేయకముందు తీసి పెడితే చాలు. పప్పు ఉడికాక పప్పుగుత్తితో ఎనిపి, కారం కలపకముందే ఒక గరిటెడు చిన్న గిన్నెలోకి తీసుకుని, మిగిలినదానికి తాలింపు పెట్టుకోవచ్చు. కూరలోనూ అంతే, ముక్క ఉడికాక, కారప్పొడి చల్లకముందు రెండు చెంచాలు పక్కకు తీయండి. నెలలు గడిచేకొద్దీ ఆ చిన్న గిన్నెలోకి చిటికెడు మిరియాల పొడి, ఆపైన కాస్త కారం చేరుస్తూ పోతే, నాలుగేళ్ళు వచ్చేసరికి బిడ్డ ఇంటి వంటకు అలవాటుపడుతుంది.

మెత్తదనం విషయంలో చాలామంది తల్లులు, అమ్మమ్మలు ఒకచోట ఆగిపోతారు. ఆరేడు నెలల బిడ్డకు మెత్తగా మెదిపి పెట్టినట్లే రెండేళ్ళ బిడ్డకూ అన్నం, పప్పు, కూర కలిపి మిక్సీలో తిప్పి జారుగా పట్టేస్తారు. గొంతుకు అడ్డం పడుతుందేమోనన్న భయమే దీనికి కారణం. అయితే నమలడం నేర్చుకోవలసిన వయసు తొమ్మిది, పది నెలలకే మొదలవుతుంది. ఆ వయసులో చిన్నచిన్న పలుకులు తగలని పిల్లలు తర్వాత ఏ పలుకు తగిలినా ఓకరిస్తారు. అలాంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే మిక్సీని ఒక్కసారిగా మానకుండా, మొదటి నాలుగైదు రోజులు కొద్దిసేపే తిప్పండి, తర్వాత చేత్తో పిసకండి, ఆ తర్వాత మెత్తటి అన్నంలో అక్కడక్కడ ఉడికిన క్యారెట్టు, బంగాళాదుంప ముక్క తగిలేలా కలపండి. ఓకరించడం వేరు, గొంతుకు అడ్డం పడటం వేరు. ఓకరించేటప్పుడు బిడ్డ శబ్దం చేస్తుంది, నాలుక ముందుకు తోసి దానంతట అదే ఉమ్మేస్తుంది. కంగారుపడి చెంపలు నొక్కి వేలు పెట్టి తీయబోతే ఆ ముక్క లోపలికి పోయే ప్రమాదం ఉంది.

మధ్యాహ్నపు పళ్ళెం ఎలా ఉండాలో ఒకటి చెబుతాను. అంచు ఎత్తుగా ఉన్న చిన్న స్టీలు పళ్ళెం తీసుకోండి. కాస్త మెత్తగా వండిన అన్నం రెండు మూడు ముద్దలకు సరిపడా పెట్టి, తోటకూర పప్పు పోసి, ఒక చెంచా నెయ్యి వేసి, వేడి తగ్గాక చేత్తో మెదిపి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. నెయ్యి ఒక చెంచాతో సుమారు 45 కిలోకాలరీలు అదనంగా వస్తాయి, కొంచెమే తినే బిడ్డకు ఇది ముఖ్యం. నిమ్మలోని సి విటమిన్ ఆకుకూరలో, పప్పులో ఉండే ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. నిమ్మకాయ లేకపోతే భోజనం తర్వాత మెత్తటి జామపండు ముక్క గింజలు తీసి ఇచ్చినా అదే పని చేస్తుంది. పళ్ళెం ఒక పక్కన బిడ్డకు బాగా ఇష్టమైనది ఒకటి, ఉదాహరణకు ఉడికించిన గుడ్డులో పావు ముక్కలు రెండు, ఇంకో పక్కన ఇంకా అలవాటు కాని కూర ఒక చిన్న చెంచాడు ఉంచండి. ఆ కొత్త కూరను తినమని అడగవద్దు, తిన్నదా లేదా అని చూడనట్లే ఉండండి. ఒక కొత్త రుచిని ఒప్పుకోవడానికి చాలామంది పిల్లలకు అది పది, పదిహేనుసార్లు పళ్ళెంలో కనబడాలి. మనం మూడోసారికే ‘వీడికి బీరకాయ పడదు’ అని తేల్చేస్తాం, ఆ మాట పిల్లవాడు విని తానూ అదే అంటాడు.

మాంసాహారం తినే ఇళ్ళలో వారానికి ఒకటి రెండుసార్లు ముల్లు తీసిన చేప, మెత్తగా ఉడికించి మెదిపిన కోడి కార్జం కొంచెం పెట్టండి. ఇనుము వీటి నుంచి పట్టినంత తేలికగా ఆకుకూరల నుంచి పట్టదు. తిననివాళ్ళు పప్పు, ఆకుకూర, పుల్లటి పండు కలిసి ఉండేలా చూసుకుంటే సరి. నాలుగింటి చిరుతిండికి ఉడికించిన చిలగడదుంప, అరటిపండు, మెత్తటి పెసరట్టు ముక్క, అటుకుల ఉప్మా చాలు. రెండేళ్ళ లోపు పిల్లలకు చక్కెర, బెల్లం కలపనవసరం లేదు. రెండేళ్ళు దాటినవాళ్ళకు సున్నుండో, నువ్వుండో చిన్నది ఒకటి చేత్తో చిదిపి ఇవ్వవచ్చు.

పెట్టే పద్ధతి

భోజనానికి పది నిమిషాల ముందు ఆట ముగించమని చెప్పి, చేతులు కడిగి, రోజూ ఒకే చోట కూర్చోబెట్టండి. నేల మీద చాప వేసినా, ఎత్తు కుర్చీ వేసినా తేడా లేదు గాని బిడ్డ నిటారుగా కూర్చోవాలి, పెట్టేవాళ్ళు ఎదురుగా అదే ఎత్తులో కూర్చోవాలి. కింద పాత దుప్పటి పరిస్తే, ఒలికిన మెతుకుల గురించి మనసు పాడుచేసుకోవలసిన పని ఉండదు. పళ్ళెంలో మొదట కొంచెమే పెట్టి, అడిగితే మళ్ళీ వడ్డించండి. నిండు పళ్ళెం చూడగానే వెనక్కు తగ్గే పిల్లలు ఎక్కువ.

ఏడాదిన్నర దాటిన బిడ్డను తన చేత్తో తిననివ్వండి. సగం ఒంటికి పూసుకుంటుంది, నిజమే. మొదట్లో రెండు ముద్దలు మీరు పెట్టి, ఒక ముద్ద తనను తీసుకోనిచ్చి, వారాలు గడిచేకొద్దీ ఆ వంతును తిరగేయండి. అంగన్‌వాడీలోనో, ప్లే స్కూల్లోనో తోటిపిల్లల పక్కన కూర్చుని తన పళ్ళెం తానే ఖాళీ చేసే పిల్లవాడు ఇంటికి రాగానే నోరు తెరుచుకుని కూర్చుంటాడు. అమెరికాలో డేకేర్‌కు పిల్లలను పంపే తెలుగు తల్లులదీ ఇదే ఫిర్యాదు. చేత్తో తినడం ఆ బిడ్డకు చేతకాక కాదు, ఇంట్లో ఆ పని మనం చేసిపెడుతున్నాం గనుక.

బిడ్డ మొహం తిప్పుకున్నప్పుడు ఏం చేయాలన్నదే అసలు పరీక్ష. ఒకసారి తిప్పుకుంటే ఒక నిమిషం ఆగి, నీళ్ళు ఇచ్చి, ఇంకో ముద్ద చూపించండి. రెండోసారీ తిప్పుకుంటే ‘చాలా నాన్నా? సరే, పద, చెయ్యి కడుక్కుందాం’ అని మామూలు గొంతుతో చెప్పి లేపేయండి. బతిమాలడం, ‘ఇది తింటే చాక్లెట్టు ఇస్తా’ అని ఆశపెట్టడం, బూచాడికి పట్టిస్తానని బెదిరించడం, అక్క ఎంత బాగా తింటోందో చూడమని పోల్చడం, ఇవన్నీ తిండిని మీకూ బిడ్డకూ మధ్య పంతంగా మార్చేస్తాయి, ఆ పంతంలో గెలిచేది ఎప్పుడూ బిడ్డే. ముక్కు మూసి నోరు తెరిపించి పోయడం అన్నిటికంటే ప్రమాదకరం. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. భోజనం మొత్తం ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో ముగిసిపోవాలి. ఆ పూట మూడు ముద్దలే తిన్నా తర్వాతి వేళ వచ్చేదాకా మరేమీ ఇవ్వకండి. నాలుగింటికి ఎలాగూ చిరుతిండి వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆ మూడు గంటల్లో చిక్కిపోదు.

ఫోను మాన్పించడం

ఫోను చూస్తూ తినే బిడ్డ నోరు తెరుస్తుంది, మింగుతుంది, కానీ తాను తింటున్నదేమిటో, కడుపు నిండిందో లేదో తెలుసుకోదు. వెనకటి తల్లులు కూడా చందమామను చూపించి, కాకమ్మ కథలు చెప్పి పెట్టేవారు కదా, అదీ దృష్టి మళ్ళించడమే కదా అని అడగవచ్చు. తేడా పెట్టే మనిషిలో ఉంది. కథ చెప్పే తల్లి బిడ్డ మొహంలోకి చూస్తూ చెబుతుంది, బుగ్గలో ముద్ద ఉంటే కథ ఆపుతుంది, చాలనిపిస్తే కథతోపాటు అన్నమూ ముగిస్తుంది. ఫోను ముందు కూర్చున్నప్పుడు బిడ్డ తెరనే చూస్తుంది, తల్లి గిన్నె ఖాళీ అయిందా లేదా అన్నదే చూస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గరివాళ్ళతో ఎప్పుడైనా వీడియో కాల్‌లో మాట్లాడించడం తప్ప తెర అసలు చూపించవద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద గంటకు మించవద్దనీ భారత శిశు వైద్యుల సంఘం సిఫారసు.

మాన్పించడానికి ఇంట్లో అందరూ ఉండే సెలవు రోజుల్లో మొదలుపెట్టడం మంచిది. బిడ్డకు బాగా ఆకలి వేసే పూటను, సాధారణంగా పొద్దుటి టిఫినును, ముందు ఎంచుకుని ఆ ఒక్క పూట ఫోను తీసేయండి. మీ ఫోన్లు కూడా వేరే గదిలో పెట్టండి. నాన్న చేతిలో ఉన్న ఫోను తనకెందుకు లేదో రెండేళ్ళ పిల్లకు చెప్పి ఒప్పించలేరు. మొదటి రెండు మూడు రోజులు ఏడుపు ఉంటుంది, తిండి బాగా తగ్గుతుంది. ఆ రోజుల్లో జాలిపడి పాలసీసా ఇస్తే మొత్తం ప్రయత్నం మళ్ళీ మొదటికి వస్తుంది. టిఫిను కుదురుకున్నాక మధ్యాహ్నం, ఆ తర్వాత రాత్రి భోజనం నుంచి తీసేయండి.

ఇంట్లో పెద్దవాళ్ళతో

ఇన్ని పద్ధతులు చెప్పుకున్నా, ‘ఇంకొక్క ముద్ద పెట్టమ్మా, రాత్రంతా ఆకలితో పడుకుంటుంది’ అనే నానమ్మ గొంతు దగ్గర చాలా ఇళ్ళలో వ్యవహారం ఆగిపోతుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. ఇంట్లో తిండికి కరువైన రోజులను, విరేచనాలకు పిల్లలు పోయిన రోజులను చూసినవాళ్ళు బొద్దుగా ఉన్న బిడ్డనే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ అనుకోవడం సహజం. వాళ్ళతో వాదించడం కంటే తూకం చార్టు చూపించడం మేలు. దానికంటే మేలైనది వాళ్ళకంటూ ఒక వేళ అప్పగించడం. ‘అత్తయ్యా, నాలుగింటి చిరుతిండి మీ చేత్తోనే పెట్టండి, మధ్యలో మాత్రం ఏమీ ఇవ్వొద్దు, అప్పుడు ఆకలి మీద మీ దగ్గరే బాగా తింటుంది’ అంటే కాదనే నానమ్మ అరుదు. తాతగారికి బిస్కట్ల డబ్బా కనబడకుండా పెట్టడం కంటే, పదిన్నరకు పండు కోసి పెట్టే పని ఆయనకు ఇవ్వడం మంచి ఉపాయం. తల్లి ఉద్యోగానికి వెళ్ళే ఇంట్లో వేళలు రాసిన కాగితం ఒకటి ఫ్రిజ్ మీద అంటిస్తే, ఎవరు ఏం పెట్టారో అందులోనే గుర్తు పెట్టుకోవచ్చు.

గొంతుకు అడ్డం పడే పదార్థాలు

వేరుశనగ పలుకులు, బఠాణీలు, శనగలు, జీడిపప్పు గుండుగా ఉన్నవి, చెగోడీలు, పాప్‌కార్న్, పచ్చి క్యారెట్టు ముక్కలు, గట్టి చాక్లెట్లు ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదు. పల్లీలు పొడిగానో ముద్దగానో చేసి పెట్టవచ్చు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. సీతాఫలం, సపోటా, రేగుపండు గింజలు తీసి ఇవ్వాలి. పరిగెత్తుతూ, పడుకుని, నవ్వుతూ, ఏడుస్తూ ఉన్న బిడ్డ నోట్లో ఏమీ పెట్టకూడదు.

అడ్డం పడిన బిడ్డ గట్టిగా దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, మొహం నీలంగా మారుతుంటే ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు చరచండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఏడాది లోపు బిడ్డకైతే పొట్ట నొక్కకూడదు; ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి ఐదుసార్లు వీపు చరచి, వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య రెండు వేళ్ళతో ఐదుసార్లు నొక్కాలి. ముక్క బయటికి వచ్చేదాకా ఇవి మార్చి మార్చి చేస్తూ ఉండాలి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే ఫోనులో ఉన్నవాళ్ళు చెప్పినట్లు చేయండి. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతకకూడదు.

మందులు, డాక్టరు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి బాగా తినని బిడ్డకు రక్తం ఎంత ఉందో ఒకసారి చూపించడం అవసరం. మట్టి, బలపాలు, గోడ సున్నం, పచ్చి బియ్యం తినే పిల్లలను తిట్టి ప్రయోజనం లేదు, అది తరచుగా ఇనుము లోపానికి గుర్తు. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున వేయాలి. పాలతో కలిపి వేయకూడదు. విరేచనం నల్లగా వస్తే భయపడనవసరం లేదు. ఏడాది దాటిన పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జరిగే నులిపురుగుల నివారణ దినాల్లో అల్బెండజోల్ మాత్ర వేయించండి. రెండేళ్ళ లోపువారికి సగం మాత్రే.

మందుల దుకాణంలో అడిగితే దొరికే ఆకలి టానిక్కుల జోలికి సొంతంగా పోకండి. వాటిలో కొన్నింటిలో ఉండే సైప్రోహెప్టడిన్ అసలు అలర్జీకి వాడే మందు, పిల్లలను మత్తుగా ఉంచుతుంది, ఆపగానే ఆకలి మళ్ళీ పూర్వంలాగే ఉంటుంది. జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో తిండి తగ్గడం మామూలే; అప్పుడు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టి, నయమయ్యాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితే తగ్గిన బరువు తిరిగి వస్తుంది.

వరుసగా రెండు మూడు నెలలు బరువు పెరగకపోయినా, తగ్గినా, మింగేటప్పుడు నొప్పితో ఏడ్చినా, ప్రతి భోజనానికీ వాంతి చేసుకున్నా, ఆటలు మానేసి మందకొడిగా ఉన్నా, రెండేళ్ళు దగ్గరపడుతున్నా జావ తప్ప ఏదీ మింగలేకపోయినా పిల్లల వైద్యుడికి చూపించాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డ భుజం, మోచేతి మధ్య చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల లోపు ఉంటే అది తీవ్రమైన పోషకాహార లోపం, ఆలస్యం చేయకూడదు. అంగన్‌వాడీ టీచరు దగ్గర ఉండే రంగుల పట్టీ ఈ కొలతను ఎరుపులో చూపిస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు మూడు రోజుల పాటు బిడ్డ నోట్లోకి వెళ్ళినవన్నీ, పాలు ఎన్ని మిల్లీలీటర్లో, బిస్కట్లు ఎన్నో, ఏ వేళకో కాగితం మీద రాసుకుని, తూకం కార్డుతో పాటు తీసుకువెళ్ళండి.